జోడుని దాన్నే ఎంచుకోనీ

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

ఒరేయ్ శీనూ,

మీ మగ ఫించ్ చచ్చిపోయిందని చదివి చాలా బాధేసిందిరా. పెట్ట ఒక్కతే మిగిలి రోజంతా అరుస్తోందని రాశావే, అది జోడుని పిలవడమే. జీబ్రా ఫించ్‌లు ఆస్ట్రేలియా ఎండు నేలల్లో గుంపులుగా బతికే పిట్టలు. ఒకసారి జత కట్టాయంటే మామూలుగా రెండిట్లో ఒకటి పోయేదాకా విడిపోవు. ఒంటరితనం వాటికి అస్సలు పడదు. అందుకే కొత్త జోడు వెతకాలన్న నీ ఆలోచన మంచిదే. కానీ ఈ శనివారమే షాపుకెళ్ళి రంగు బాగున్నదాన్ని తెచ్చి బోనులో వదిలేస్తానన్నావు చూడు, అది మాత్రం వద్దు.

మన కంటికి నచ్చింది దానికీ నచ్చాలని ఏముంది? జర్మనీలో మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు సరిగ్గా ఇదే పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని పెట్టలకి తాము కోరుకున్న మగవాటితోనే ఉండనిచ్చారు. మిగతావాటిని విడదీసి, వేరే మగవాటితో జత కలిపారు. కోరుకున్న జంటలకి బతికి బట్టకట్టిన పిల్లలు 37 శాతం ఎక్కువ. బలవంతపు జంటల్లో వట్టిపోయిన గుడ్లు దాదాపు మూడింతలు. పొదిగిన పిల్లలు కూడా ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే పోయాయి, ఆ సమయంలో తండ్రులు గూటిని సరిగ్గా పట్టించుకోలేదట. అది చదివాక ఇక నేను జోడు కలపడం మానేశాను, పెళ్ళిచూపులు ఏర్పాటు చేసి పక్కకి తప్పుకుంటాను.

మా బూడిదరంగు పెట్ట సంగతే చూడు. దాని జోడు పోయాక దాని బోను పక్కనే ఇంకో బోనులో రెండు మగవాటిని పెట్టాను. ఒకటి మంచి ముదురు చెంపలది, గొంతూ పెద్దది. అది పాడుతూ కొమ్మ మీద ఎంత గెంతినా ఈవిడ అటు తిరగనే లేదు. రెండోది మామూలుగా ఉండేది. కొన్నాళ్ళకి పెట్ట ఆ రెండోది ఉన్న వైపు కమ్మీకి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. తర్వాత తల వంచి మెడ ఈకలు విప్పితే, అది కమ్మీల సందులోంచి ముక్కు పెట్టి ఒక్కో ఈకా దువ్వింది. ఈకలు దువ్వించుకోవడం, రాత్రి ఒకదానికొకటి ఒరుసుకుని పడుకోవడం, ఈ రెండూ కనిపిస్తే జత కుదిరినట్టేరా. ఒకటి వెంటపడి పొడుస్తూ, రెండోది మూలకి నక్కితే వెంటనే విడదీసెయ్.

షాపులో కొంటే మాత్రం నెల రోజులు వేరే గదిలో ఉంచాల్సిందే. తుమ్ములు, పేలు, నీళ్ళ విరేచనాలు ఏవైనా ఉంటే ఆలోపు బయటపడతాయి. నారింజ రంగు చెంపలు, రొమ్ము మీద చారలు ఉంటే మగది, పాట కూడా దానిదే. పూర్తి తెల్ల రకంలో ఆ గుర్తులు కనిపించవు కాబట్టి పాట వినకుండా తీసుకోకు. ఎవడైనా మునియాలు తక్కువకి ఇస్తానంటే దగ్గరికి కూడా వెళ్ళకు, మన దేశపు పిట్టల్ని పట్టి అమ్మడం నేరం.

గూడు అప్పుడే పెట్టొద్దు. జత కుదిరి, రెండూ బాగా తిని పుంజుకున్నాక పెట్టు. కొర్రలు, సామలు, రోజూ కాస్త ఆకుకూర, పొదిగే ముందు ఉడికించిన గుడ్డు. పెట్టకి సున్నం చాలకపోతే గుడ్డు లోపలే అడ్డం పడి ప్రాణం మీదకొస్తుంది. అందుకే ఆయుర్వేదం షాపుల్లో దొరికే సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి తెల్లటి గుల్ల) ముక్క కమ్మీకి కట్టెయ్. గూట్లోకి కొబ్బరి పీచు పొట్టిగా కత్తిరించి వెయ్యి, పొడుగు దారాలు కాళ్ళకి చుట్టుకుంటాయి.

అసలు నువ్వు కొనడమెందుకురా? మా ఇంట్లో పుట్టిన మగవి మూడున్నాయి, మీ దానికి చుట్టరికం లేనివే. పెట్టని చిన్న బోనులో పెట్టి, గుడ్డ కప్పి, ఎండెక్కకముందే బస్సెక్కి తీసుకొచ్చెయ్. నెల రోజులు వేరే గదిలో ఉంచి, తర్వాత వాటి పక్కకి మారుస్తాను. ఏది నచ్చితే దాన్ని నీతో పంపిస్తాను. అమ్మకి నా నమస్కారాలు చెప్పు. ఏ ఆదివారం వస్తావో ముందే ఫోన్ చెయ్, ద్వారకా బస్‌స్టేషన్‌కి బండి తీసుకొస్తాను.

నీ
రాంబాబు