గోపాలపురం ఒడ్డు గురించి ఒడిశా పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

గోపాలపురం వచ్చే టూరిస్టుల్లో కొందరు ఇక్కడి నోలియాలు, అంటే తెలుగు జాలర్లు, దురుసు మనుషులని అంటుంటారు. దురుసుతనం కొంత ఉన్నమాట నిజమే. అది ఎక్కడ పుట్టిందో తెలియాలంటే పాత రేవు సంగతి చూడాలి.

1936 దాకా గోపాలపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఓడలు దూరంగా లంగరు వేస్తే సరుకునీ, రంగూన్ వెళ్లే కూలీలనీ, దొరలనీ అలలు దాటించినవి తెలుగు జాలర్ల పడవలే. మేకులు కొడితే అల దెబ్బకి పలక చీలుతుందని వాటిని కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. ప్రాణాలొడ్డే పని వీళ్లది, మెరక మీది బంగళాలు దొరలవి. రంగూన్ ఓడలు పోయాయి, హోటళ్లు వచ్చాయి. నోలియా మాత్రం ఎవరైనా మునిగితేనే గుర్తొస్తాడు.

ఇక వల సంగతి. అలివి వలకి ఒక తాడు ఒడ్డునే ఉంటుంది. పడవ వలని అర్ధచంద్రంగా దింపుకుంటూ పోయి రెండో తాడుని ఇంకోచోట ఒడ్డుకి చేరుస్తుంది. రెండువైపులా జనం లాగుతుంటే ఆ మధ్యలోనే టూరిస్టులు స్నానానికి దిగుతారు. బిగిసిన తాడు కాళ్లకి తగిలితే ప్రమాదం. లాగడం ఆపితే వల అడుగు లేచి చేప కిందనుంచి జారిపోతుంది. అందుకే కేకలు వేస్తారు. ఆరబెట్టిన నెత్తళ్ల మీద ఇసుక రేగినా అంతే: ఇసుక పట్టిన ఎండుచేపకి ధర పలకదు.

కాబట్టి వల లాగే మేరకి రెండు చివరలా జెండాలు పాతించండి, లాగినంతసేపూ ఆ మధ్యలో స్నానాలు ఆపించండి. చేపలు ఎండబెట్టుకోను ఎత్తయిన తడికెలు వేయించండి.

అన్నిటికన్నా ముఖ్యం, మనిషిని సముద్రంలోకి లాక్కుపోయే లాగుడు నీరు. అలలు విరగకుండా నున్నగా కనిపించే చోటే కొత్తవాళ్లు దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీరు వెనక్కి పోయే దారి అదే. ఎదురీదితే సత్తువ అయిపోయి మునిగిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకి ఈది, లాగుడు తప్పాక గట్టెక్కాలి. ఆ దారి ఇసుక తిన్నెలతో పాటు జరుగుతూ ఉంటుంది, అందుకే ఒకచోట కట్టిన సిమెంటు బోర్డు దండగ. రోజూ పొద్దున్నే నీళ్లు చూసి ఎర్రజెండాలు మార్చాలి. ఆ చూపు నోలియాలకి ఉంది. ఆ పనికి వాళ్లని ఏడాది పొడుగునా నెలజీతం మీద పెట్టండి. ప్రాణం కాపాడినప్పుడు చేతిలో పెట్టే బక్షీసు దొరలనాటి పద్ధతి.

ఇట్లు,
గోపాలపురం, బరంపురం తెలుగువాళ్లం