అచ్చుకు ముందు తెరను పరీక్షించాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ పట్టణాల్లో మన తెలుగువారు నడిపే ఫోటో స్టూడియోల్లో, డీటీపీ, ఫ్లెక్సీ దుకాణాల్లో, ఫోన్లో ఫోటోలు పంపి పట్టుచీరలు అమ్మేచోట్ల నిత్యం ఒకటే తగువు: తెర మీద చూసిన రంగు వేరు, చేతికొచ్చిన రంగు వేరు. నింద ప్రింటరు మీదకో, ఇంకు మీదకో, అద్దకం మీదకో పోతుంది గానీ మానిటరును ఎవరూ అనుమానించరు.

దానిని పరీక్షించే టెస్ట్ ప్యాటర్న్ చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. ఒకప్పుడు దూరదర్శన్ ప్రసారాలకు ముందు కూతతో వచ్చే రంగుల పట్టీలు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. అవి కాలక్షేపానికి పెట్టినవి కావు, తెరను సరిచూసుకోవడానికి పెట్టినవే. ఈ చిత్రాల్లో, నలుపును 0గా, తెలుపును 255గా లెక్కించే కొలతలో, నల్లని నేలపై 5, 10, 15 విలువల గళ్లు మసకగానైనా విడివిడిగా కనబడాలి. కనబడకపోతే ముదురు నీలం చీరకూ దాని నల్లంచుకూ తేడా తెలియదు. తెల్లని నేలపై 245, 250 విలువల గళ్లు మాయమైతే పెళ్లి ఫోటోల్లో మధుపర్కాల మడతలన్నీ సున్నం కొట్టిన గోడలా కలిసిపోతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది గామా పరీక్ష, అంటే నలుపు తెలుపుల నడిమి ఛాయలను తెర ఎంత వెలుగుతో చూపుతోందో తేల్చేది. ఒక్కో పిక్సెల్ మందంతో నలుపు, తెలుపు గీతలు ఒకదాని తర్వాత ఒకటి గీసి, పక్కనే మామూలు బూడిదరంగు గడి ఉంచుతారు. కొంచెం దూరం జరిగి కళ్లు సగం మూసి చూసినప్పుడు, గామా 2.2 ఉన్న తెరపై ఆ గీతలు చాలామంది అనుకునే 128తో కాక, 186 విలువ గల బూడిదరంగుతో కలిసిపోవాలి. అయితే చిత్రాన్ని నూరు శాతం పరిమాణంలో, తెర అసలు రిజల్యూషన్లోనే చూడాలి. వాట్సాప్‌లో ఫోటోగా వచ్చిన నకలు కుదించి ఉంటుంది కనుక పనికిరాదు, పీఎన్‌జీ ఫైలే తీసుకోవాలి. మానిటరు అరగంట వెలిగాక, తెరను పసుపుగా మార్చే నైట్ లైట్, వెలుగునీడలను తనంత తానే మార్చే డైనమిక్ కాంట్రాస్ట్ ఆపి, ఎదురుగా కూర్చుని చూడాలి. మానిటరు బదులు టీవీ తగిలించినవారు హెచ్‌డీఎంఐ సెట్టింగులో నలుపు నుంచి తెలుపు దాకా ఉండే పరిధి 16–235లో ఉందా, 0–255లో ఉందా అన్నది కూడా సరిచూసుకోవాలి; కంప్యూటరులో ఒకటి, టీవీలో ఇంకొకటి ఉంటే నలుపు బూడిదగానైనా మారుతుంది, ముద్దగానైనా అయిపోతుంది.

ఈ చిత్రాలతో వెలుగునీడల లోపాలు తెలుస్తాయి గానీ రంగు కచ్చితత్వం పూర్తిగా తేలదు. పసుపు ఛాయ ఉన్న తెలుపుకు కూడా కన్ను కాసేపటికే అలవాటుపడుతుంది. పగటి వెలుగును పోలిన 6500 కెల్విన్ తెలుపును నమ్మకంగా కొలవాలంటే తెర రంగును కొలిచే కలరీమీటరు అనే పరికరం కావాలి. ఒక్క దుకాణానికి అది భారమే అయినా, పట్టణంలోని ఫోటోగ్రాఫర్లు, చీరల వ్యాపారులు కలిసి ఒకటి కొని వంతులవారీగా వాడుకోవచ్చు.

అచ్చును సరిచూసుకోవడానికి పత్రికల పుటల అంచున నాలుగు రంగుల చుక్కలు వేస్తుంటారు. అలాగే మీ ఈ-పేపరులో నలుపు నుంచి తెలుపు దాకా మెట్లుమెట్లుగా మారే బూడిదరంగు పట్టీ ఒకటి వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
డీటీపీ పనిచేసే ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.