45వ వీధి, ఒక తెల్లపటం

ఒరేయ్ సూరిగా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, పడతాను. ఇంట్లో అందరూ కులాసా. అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే. చిన్నాడికి ముందు పళ్ళు ఊడాయి. నువ్వు పంపిన మాగాయ అందింది, సగం సీసా అయిపోయింది కూడా. కబుర్లు ఇంతే. అసలు సంగతి కడుపులో ఉంచుకోలేక చస్తున్నాను.

నువ్వడిగావు కదా, “ముగ్గురే మనుషులు, ఒకటే గది, తెర దించక్కర్లేని నాటకం ఏదైనా ఉంటే చెప్పరా” అని. ఉంది. ఫ్రెంచి రచయిత్రి యాస్మినా రెజా రాసిన ‘ఆర్ట్’. దాని గురించి రెండు ముక్కలు రాసి ఊరుకుందామనుకున్నాను. తీరా చూస్తే ఆవిడ బ్రాడ్‌వే (న్యూయార్కులో పెద్ద నాటకశాలల పేట) చరిత్రలో వాస్తు కనబడింది. నవ్వకు, పూర్తిగా చదివి నవ్వు.

న్యూయార్కులో పశ్చిమ 45వ వీధి, 242 నంబరు. రొయాల్ థియేటర్. 1998 మార్చి 1న ‘ఆర్ట్’ అక్కడే మొదలైంది. 1999 ఆగస్టు దాకా 600 ప్రదర్శనలు ఆడి, ఉత్తమ నాటకంగా టోనీ (బ్రాడ్‌వే నాటకాలకిచ్చే పెద్ద బహుమతి) కొట్టింది. 2003లో ఆవిడదే ‘లైఫ్ టైమ్స్ త్రీ’ని 50వ వీధిలో సర్కిల్ ఇన్ ద స్క్వేర్‌లో వేశారు. 104తో సరి. 2005లో రొయాల్‌కి బెర్నార్డ్ బి. జేకబ్స్ థియేటర్ అని పేరు మార్చారు. 2009 మార్చి 22న ‘గాడ్ ఆఫ్ కార్నేజ్’ మొదలైంది ఎక్కడనుకున్నావ్? అదే 242లో! 452 ప్రదర్శనలు, మళ్ళీ ఉత్తమ నాటకం టోనీ. మొన్న 2025 సెప్టెంబరులో ‘ఆర్ట్’ని తిరిగి వేస్తే అది మ్యూజిక్ బాక్స్ థియేటర్‌లో, అంటే అదే వీధి 239లో, రోడ్డుకి అవతలి పక్క. వీధి వదిలినందుకు ఒకే ఒక్కసారి దెబ్బ తింది. మీ గంటల మామయ్యకి ఈ లెక్క చూపించు, ఈశాన్యం ఎటో ఆయనే తేలుస్తాడు.

వాస్తు పక్కన పెడితే అసలు కారణం వేరేలే. ‘లైఫ్ టైమ్స్ త్రీ’లో అతిథులు ఒకరోజు ముందే ఊడిపడతారు, ఇంట్లో వండిందేమీ ఉండదు. ఆ ఒక్క సాయంత్రాన్నే మూడుసార్లు ఆడతారు, ప్రతిసారీ మనుషుల తీరు కొద్దికొద్దిగా మారుతుంది. తేడా అంతా గొంతులో, చూపులో. సర్కిల్‌లో ప్రేక్షకులు మూడు వైపులా కూర్చుంటారు, నటుడు ఒకరి వైపు తిరిగితే మిగిలినవాళ్ళకి వీపే. సన్నటి తేడాలమీద నిలబడే నాటకానికి ఆ వేదిక నష్టమనే నా లెక్క. పైగా గుర్తుపెట్టుకోవడానికి అందులో ఒక వస్తువు లేదు. ‘ఆర్ట్’లో పటం ఉంది, ‘కార్నేజ్’లో వాంతి ఉంది. (ఆగు, వాంతి దగ్గరికి వస్తాను.) మధ్యలో 2000లో ‘ది అనెక్స్‌పెక్టెడ్ మ్యాన్’ ఆఫ్-బ్రాడ్‌వేలో, అంటే న్యూయార్కులోనే చిన్న థియేటర్లలో, వచ్చింది, రైలుపెట్టెలో ఇద్దరే, ఐలీన్ ఆట్‌కిన్స్, ఆలన్ బేట్స్. అది నీకు పనికిరాదు, ఇద్దరూ చాలాసేపు తమలో తామే మాట్లాడుకుంటారు, మన పరిషత్తులో జనం టీకి లేచిపోతారు.

‘ఆర్ట్’ కథ గోరంత. సెర్జ్ చర్మవ్యాధుల డాక్టరు. రెండు లక్షల ఫ్రాంకులు పోసి ఒక పెయింటింగ్ కొంటాడు. అయిదడుగులు బై నాలుగు, అంతా తెలుపు, కళ్ళు చికిలించి చూస్తే ఏటవాలుగా తెల్ల గీతలు. మార్క్ విమానాల ఇంజనీరు. చూసి “ఈ పెంటకా?” అంటాడు. పదిహేనేళ్ళ స్నేహం అక్కణ్ణించి చిట్లుతుంది. మధ్యలో ఇవాన్, ఇద్దరికీ సర్దిచెప్పబోయి ఇద్దరి చేతా తిట్లు తినేవాడు. కాబోయే భార్య తరఫువాళ్ళ టోకు స్టేషనరీ వ్యాపారంలో ఈమధ్యే చేరాడు. ఈ స్టేషనరీ ముక్క గుర్తుపెట్టుకో, చివర్లో పనుంది.

పారిస్‌లో 1994లో, లండన్‌లో 1996లో వేశారు. షాన్ కానరీ, అవున్రా ఆ జేమ్స్ బాండే, నిర్మాతల్లో ఒకడు. క్రిస్టఫర్ హాంప్టన్ ఇంగ్లీషు చేశాడు, మాథ్యూ వార్చస్ డైరెక్టరు. న్యూయార్కులో ఆలన్ ఆల్డా మార్క్, విక్టర్ గార్బర్ సెర్జ్, ఆల్‌ఫ్రెడ్ మొలీనా ఇవాన్. ఊరు పారిస్‌గానే, డబ్బు ఫ్రాంకులుగానే ఉంచారు. లండన్‌లో దీనికి ఉత్తమ హాస్యనాటకం బహుమతి వస్తే, నేను విషాదం రాశాననుకున్నానే అని ఆవిడ చమత్కరించింది. అందులో కొంచెం మంట కూడా ఉండే ఉంటుంది.

రంగాలంకరణ నీ జేబుకి సరిగ్గా సరిపోతుంది. ఒకే గది, ముగ్గురి ఇళ్ళూ అదే. సోఫా మారదు, గోడ మారదు, గోడమీద పటం ఒక్కటే మారుతుంది. సెర్జ్ ఇంట్లో ఆ తెలుపు, మార్క్ ఇంట్లో కిటికీలోంచి కనిపించే కార్కసాన్ (ఫ్రాన్సులో ఓ ఊరు) దృశ్యం, ఇవాన్ ఇంట్లో ఏదో పిచ్చి బొమ్మ. మేకు ఒక్కటే, పటాలు మూడు. గంటన్నర నాటకం, విరామం లేదు.

ఇవాన్‌కి ఒక పెద్ద స్వగతం లాంటిది ఉంది. గుమ్మంలోంచి రొప్పుతూ వచ్చి ఊపిరి తీసుకోకుండా చెబుతాడు. గొడవేమిటో తెలుసా, శుభలేఖలో ఎవరి పేర్లు వెయ్యాలన్నది! పెళ్ళికూతురికి సవతితల్లి పేరు ఉండాలి, అలా అయితే ఇవాన్ సవతితల్లి పేరూ ఉండాలి, అప్పుడు సొంత తల్లి ఒప్పుకోదు. ఫ్రాన్సులో పుట్టిన గొడవని బ్రాడ్‌వేలో విని పగలబడి నవ్వారు. మనకైతే అనువాదమే అక్కర్లేదు, “ఆహ్వానించువారు” దగ్గర లేచిన తగాదాలు మన రెండు జిల్లాల్లో ఎన్ని లేవు! ఈ వేషం మన పిప్పర్మెంటుగాడికి. కానీ వాణ్ణి కాగితంమీద ఊపిరి గుర్తులు పెట్టుకోమను, ఎక్కడ పీల్చాలో ముందే గీసుకోకపోతే మూడో సవతితల్లి దగ్గర ఆగిపోతాడు. (ఉన్నది ఇద్దరేలే, వాడికి మూడోది కూడా కనిపిస్తుంది.)

ఇహ పటం. దీనికోసమే రా ఈ ఉత్తరమంతా.

చివర్లో ముగ్గురూ కొట్టుకుని, అలిసిపోయి, మాటల్లేకుండా కూర్చుంటారు. ఒక గిన్నెలో ఆలివ్‌కాయలు, గింజలు ఉమ్మడం తప్ప చప్పుడు లేదు. అప్పుడు సెర్జ్ ఇవాన్‌ని స్కెచ్ పెన్ అడుగుతాడు (స్టేషనరీవాడు కదా!), తీసి మార్క్ మీదికి విసురుతాడు, గియ్యి అన్నట్టు. మార్క్ వెళ్ళి రెండు లక్షల పటంమీద ఒక వాలుని గీసి, దానిమీద జారుతున్న చిన్న మనిషిని గీస్తాడు, తలమీద ఉన్ని టోపీతో. తరవాతి రంగంలో సెర్జ్, మార్క్ ఇద్దరూ బేసిన్, గుడ్డలు పట్టుకుని దాన్ని తుడిచేస్తూ కనిపిస్తారు. పటం మళ్ళీ తెల్లగా.

ఇది వారానికి ఎనిమిదిసార్లు జరగాలి. 600 సార్లు గీసి, 600 సార్లు తుడవాలి.

నువ్వు చేస్తే ఇలా చెయ్యి. ఉత్త కాన్వాసు బిగించకు, పెన్ను నొక్కగానే బొడ్డులా లోపలికి పోయి డప్పులా మోగుతుంది. చట్రానికి 4 మి.మీ. ప్లైవుడ్ కొట్టి దానిమీద కాన్వాసు అతికించు. గీతలకి మాస్కింగ్ టేపు ఏటవాలుగా వేసి మధ్య సందులో చిక్కటి తెల్లరంగు నింపి, ఆరాక టేపు లాగి, మొత్తంమీద అదే తెలుపు రోలరుతో కొట్టు. ముందునుంచి లైటు వేస్తే గీతలు మాయం. పక్కనించి, గోడకి రాసుకుంటూ వచ్చే లైటు ఒకటి పెడితే మొదటి వరుసలకి కనిపిస్తాయి, వెనకవాళ్ళకి కనిపించవు. అదే కావాలి! హాల్లో సగంమంది సెర్జ్ పక్షం, సగంమంది మార్క్ పక్షం అవుతారు, నువ్వు ఒక్క డైలాగూ చెప్పకుండానే.

అసలు చిక్కు పైపూతలో ఉంది. డిస్టెంపరు మీద సిరా పీల్చుకుపోతుంది, ఎంత కడిగినా నీలంగా దెయ్యంలా మిగులుతుంది. ఎనామిల్‌లా మెరిసేదైతే సిరా నిలవదు, బొట్లుగా జారి బొమ్మ కాళ్ళు మోకాళ్ళదాకా కారిపోతాయి, పైగా లైటు అద్దంలా కొడుతుంది. మధ్యరకం శాటిన్ వార్నిష్, నీళ్ళ ఆధారంది, రెండు పూతలు, పూతకీ పూతకీ మధ్య పూర్తిగా ఆరనివ్వాలి. పెన్ను పిల్లల స్కెచ్ పెన్ను, నీళ్ళకి పోయేదే. పర్మనెంటు మార్కరు పొరపాటున చేతికిచ్చారో, నాటకం ఆ రోజుతో సరి. వైట్‌బోర్డు మార్కరు వద్దు, చొక్కా చెయ్యి తగిలినా రాలిపోతుంది. నటుడికి బొమ్మ రాకపోతే గుండుసూదితో చుక్కలు పెట్టు, వేళ్ళకి తగిలితే చాలు, ప్రేక్షకులకి కనిపించవు.

తుడిచే రంగానికి మధ్యలో వ్యవధి లేదు, చీకటి కొన్ని క్షణాలే. అందుకని రెండో పటం తయారుగా ఉంచు. దానిమీద ఒక మూల చిన్న నీలం మరక మాత్రం ఉంటుంది, చీకట్లో మార్చెయ్యి, లైటు రాగానే సెర్జ్ ఆ చివరి మరకని తుడుస్తూ ఉంటాడు. బేసిన్‌లో నీళ్ళు మూడోవంతుకి మించకూడదు, ఒలికి కాలు జారుతుంది. గుడ్డ తెల్లది కావాలి, నీలం అంటినట్టు కనబడాలి. నాటకంలో అయితే ఎద్దు పిత్తం కలిపిన స్విస్ సబ్బుతో కడిగామంటారు. అది కల్పన కాదు, పిత్తం జిడ్డుని విరగ్గొడుతుంది, యూరప్‌లో మరకలకి ఆ సబ్బు వాడతారు. నీకు ఉత్తనీళ్ళు చాలు.

ఇప్పుడు విను. తుడిచాక మార్క్‌కి ఒక అనుమానం, ఈ సిరా పోతుందని నీకు ముందే తెలుసా అని. సెర్జ్ తెలీదంటాడు. తరవాత మన వైపు తిరిగి నిజం చెబుతాడు, తెలుసు! త్యాగంలా కనిపించిందంతా లెక్క చూసుకుని చేసిందే. కాకపోతే ఆ అబద్ధంమీదే స్నేహం మళ్ళీ నిలబడుతోంది, ఇప్పుడు ఏం చెయ్యాలి వాడు? అందుకే పెన్ను విసిరేటప్పుడు సెర్జ్ మొహంలో ఏమీ ఉండకూడదు. ఓ చిన్న నవ్వు, ఓ కనుబొమ్మ లేచినా సరే, చివరి రంగం చచ్చిపోయింది. మన సీతాపతిగారికి ఈ వేషం ఇచ్చావో... నీకు తెలుసుగా, ఆయన కనుబొమ్మలు ఆయన మాట వినవు.

ఆ తరవాత మార్క్ ఆ పటాన్ని చూసి, మంచు కురుస్తోందని, ఒక మనిషి దాన్ని దాటి మాయమయ్యాడని చెబుతాడు. వాడికీ తెలుపులో ఏదో కనబడింది. నాకిక్కడ ప్రతిసారీ... సర్లే.

‘కార్నేజ్’ సంగతి గబగబా. ఓ పదకొండేళ్ళ పిల్లాడు ఇంకో పదకొండేళ్ళవాణ్ణి కర్రతో కొడితే, రెండు పళ్ళు విరిగితే, తల్లిదండ్రులు నలుగురూ మర్యాదగా మాట్లాడుకోడానికి కూర్చుంటారు. లండన్‌లో పారిస్‌గానే ఉంచి, న్యూయార్కులో బ్రూక్లిన్‌కి మార్చారు. జెఫ్ డేనియల్స్, హోప్ డేవిస్, జేమ్స్ గాండొల్ఫీని, మార్సియా గే హార్డెన్. నలుగురూ టోనీకి పోటీపడ్డారు, హార్డెన్‌కి వచ్చింది. తమాషా ఏమిటంటే 2010లో జెఫ్ డేనియల్స్ తిరిగొచ్చి, ముందు లాయరు వేసినవాడే ఈసారి అవతలి ఇంటాయన వేషం వేశాడు.

అందులో హోప్ డేవిస్ పాత్ర కాఫీబల్లమీది కళాపుస్తకాలమీద వాంతి చేసుకుంటుంది. ఎప్పుడో అచ్చు ఆగిపోయిన, కొకోష్కా అనే చిత్రకారుడి బొమ్మల కేటలాగు! దాన్ని సెంటు కొట్టి, హెయిర్ డ్రయ్యరుతో ఆరబెడతారు. తరవాత ఫోను పూలకుండీలో మునుగుతుంది, ట్యూలిప్పులు చిందరవందర. ఇలాంటిది ఎప్పుడైనా వేస్తే ఓట్సు జావలో అరటిపండు మెదిపి గోరువెచ్చగా ఉంచాలి, చల్లగా ఉంటే నటి మొహం ముందే చెప్పేస్తుంది. పుస్తకాలకి లామినేషను చేసిన డూప్లికేటు అట్టలు, తివాచీకి నీళ్ళు ఇంకని పూత. మ్యాట్నీకి, సాయంత్రం ఆటకి మధ్య మూడు గంటల్లో వాసన కూడా పోవాలి కదా మరి.

ఇంకోటి, మర్చిపోతాను. అనుమతి రాకుండా పోస్టరు వెయ్యకు. రెజాకీ విడిగా, అనువాదం ఇంగ్లీషునుంచి అయితే హాంప్టన్‌కీ హక్కులుంటాయి, ఏజెంటుకి రాసి జవాబు వచ్చాకే రిహార్సలు. ఊరి పేర్లు మార్చాలన్నా అడగాలి, “ఫ్రాంకుల్ని రూపాయలు చేశాం, అంతేగా” అంటే కుదరదు. నాలుగు బై అయిదుకి బదులు మూడు బై రెండు పెడదామనుకుంటున్నావేమో, అది మాత్రం చెయ్యకు, ఎందుకంటే మనిషి పక్కన నిలబడ్డప్పుడు పటం వాడి భుజాన్ని

పోస్టువాడు గేటు దగ్గరున్నాడు, ఇదే వాడికిచ్చేస్తున్నాను. మిగతాది రేపు. రెండో పటం మర్చిపోకు!

నీ
బుజ్జిగాడు