సూరిబాబుకి, ఆ 43 మార్కుల సంగతి

గాజువాక,
మార్గశిర గురువారం, రాత్రి

ఒరేయ్ సూరీ,

ఫోన్లో నువ్వు అరిచిన అరుపులకి మీ చెల్లెమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "అన్నయ్యకి సౌదీలో, ఆ జుబైల్లో ఉద్యోగం గానీ పోయిందా?" అని కంగారు పడింది. లేదు, పరీక్షలో 43 వచ్చాయన్నాను. "ఎంతకి?" అంది. వందకి అన్నాను. ఇంకేం మాట్లాడకుండా పోపు మాడిపోతోందని లోపలికి వెళ్ళిపోయింది.

నీతో వెంటనే మాట్లాడదామంటే కుదర్లేదు. పొద్దున్నే అమ్మని బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి తీసుకెళ్ళాను, మార్గశిర గురువారం కదా. పూర్ణా మార్కెట్ దాటడానికే గంట పట్టింది. అయినా ఇది ఫోన్లో తేలే విషయం కాదు, నువ్వు మధ్యలో తిట్లు మొదలెడతావు. కాగితం మీదైతే తిట్టినా నాకు వినపడదు.

నీ బాధ నాకు తెలుసు. నెబోష్ అనే ఆ ఇంగ్లండు సేఫ్టీ సర్టిఫికెట్ పరీక్షలో మొదటి పేపరు ఐజీ1కి పాస్ మార్కు 45, నీకు రెండు తగ్గాయి. పదకొండేళ్ళు సైటులో ఎండకి మాడినవాడికి రిఫర్, అంటే ఫెయిలు, నిన్నగాక మొన్న డిగ్రీ అయిన మీ రూమ్మేట్ కుర్రాడికి 68. పైగా ఓపెన్ బుక్, ఇరవై నాలుగు గంటల టైము, పద్నాలుగు పేజీలు నింపావు. "పేపరు దిద్దినవాడెవడో సైటు మొహం చూసుండడు" అన్నావు. చూసే ఉంటాడు లేరా. నేను నెబోష్ పేపర్లు దిద్దను గానీ, ఇక్కడ ఒక ట్రైనింగ్ సెంటర్లో సేఫ్టీ డిప్లొమా వాళ్ళ కేస్ స్టడీలు మూడేళ్ళుగా ఆదివారాలు దిద్దుతున్నాను. కోర్సు పేరు ఏదైనా కేస్ స్టడీ దిద్దే పద్ధతి ఇంచుమించు ఒకటే. నువ్వు ఫోన్లో చదివి వినిపించిన జవాబు బట్టి చూస్తే నీకేం జరిగిందో నాకు తెలుస్తూనే ఉంది.

నువ్వు రాసినదాంట్లో తప్పేమీ ఉండదు. చిక్కంతా అక్కడే. "కార్మికులకు సరైన శిక్షణ ఇవ్వలేదు, పర్యవేక్షణ లేదు, పర్మిట్ విధానం పాటించలేదు" అని రాశావు. ఈ మూడు వాక్యాలు ఏ ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి అతికించినా అతుక్కుంటాయి. పరీక్ష వాళ్ళిచ్చిన కథలో ఆ హెల్పర్ చేరి ఎన్ని రోజులైంది, ఆరోజు సూపర్‌వైజర్ ఎక్కడున్నాడు, పర్మిట్ మీద సంతకం ఎవరిది, అవన్నీ ఉన్నాయి. "శిక్షణ లేదు" అంటే మా లెక్కలో సున్నా. "చేరి నాలుగు రోజులే అయిన హెల్పర్‌ని ఒంటరిగా ట్యాంకులోకి దింపారు, అంటే చేరగానే ఇవ్వాల్సిన ఇండక్షన్ శిక్షణ జరగలేదు" అంటే ఒక మార్కు. మాట అదే, రెండోదాంట్లో కథ ఉంది. ప్రశ్న కింద సినారియో ఆధారంగానే రాయాలని వేసే ముక్కని అందరూ నాలాగే చదవకుండా వదిలేస్తారు. నేను చదివే రోజుల్లో నాకూ ఇలాగే ఒకసారి తన్నింది, అది నీకు చెప్పలేదు, సిగ్గేసింది.

మార్కింగ్ స్కీమ్ అని ఒక కాగితం ఉంటుంది. పది మార్కుల ప్రశ్నకి పద్నాలుగో పదిహేనో పాయింట్లు రాసి ఉంటాయి, వాటిలో ఏ పది దొరికినా పూర్తి మార్కులు. దిద్దేవాడు పెన్సిల్ పట్టుకుని వాటినే వెతుక్కుంటూ పోతాడు. నువ్వు ఒకే పాయింటుని మూడు రకాలుగా రాస్తే మూడుసార్లు చదువుతాడు, ఒకేసారి టిక్కు పెడతాడు. నీ పద్నాలుగు పేజీల్లో సగం అలాగే పోయుంటాయి. చక్కటి ఇంగ్లీషుకి అదనంగా ఏమీ రాదు, గ్రామర్ తప్పుకి ఏమీ పోదు. మా దగ్గర క్రేనుకి బరువులు కట్టే రిగ్గర్ ఒకడు "హెల్పర్ new, nobody tell him" లాంటి ఇంగ్లీషే రాస్తాడు, క్లాసులో ఎక్కువ మార్కులు తెచ్చుకునేవాళ్ళలో వాడొకడు.

ఇక సిఫారసుల దగ్గర అందరూ బోర్లా పడతారు. ప్రమాదం ఏదైనా సరే మొదటి వాక్యం హెల్మెట్, రెండోది గ్లౌజులు. ప్రమాదాన్నే లేకుండా చెయ్యడం, కాకపోతే దాని బదులు ఇంకోటి వాడటం, ఆ తర్వాత ఇంజినీరింగ్ ఏర్పాట్లు, ఆ తర్వాత పద్ధతులు, ఇవన్నీ అయ్యాక చిట్టచివర హెల్మెట్ అని నువ్వే మీ కుర్రాళ్ళకి పనికి ముందు పెట్టే టూల్‌బాక్స్ మీటింగులో చెప్తుంటావు కదా. మరి పరీక్షలో తలకిందులుగా ఎందుకు రాశావురా?

ఒక మంచి సంగతి కూడా ఉంది. మొదటి ప్రశ్నలో మూలకారణం తప్పుగా పట్టుకుని, రెండో ప్రశ్నలో ఆ తప్పు కారణానికి సరిగ్గా సరిపోయే పరిష్కారం రాస్తే, మేము రెండో ప్రశ్న మార్కులు కొయ్యం. ఒకే తప్పుకి రెండుసార్లు శిక్ష వెయ్యకూడదు. ఇక ఓపెన్ బుక్ సంగతంటావా, మా మేనల్లుడు సీఏ ఫైనల్‌కి చదువుతున్నాడు. వాళ్ళకి కొత్త సిలబస్‌లో ఆరో పేపరు మొత్తం కేస్ స్టడీలే, అదీ ఓపెన్ బుక్కే. పుస్తకాలు బస్తాలో వేసుకుని వెళ్తాడట. తెరిచి చూసే తీరిక ఉండదు మామయ్యా అంటాడు.

ఇప్పుడు నీకు అసలు కథ చెప్పాలి. నా బుర్ర తిరిగిన రోజు.

పోయినేడాది మా కోర్సులో మన విశాఖ వెంకటాపురంలో జరిగిన ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకు కేసు ఇచ్చారు. 2020 మే 7 తెల్లవారుజాము, నువ్వు అప్పుడు జుబైల్లోనే ఇరుక్కుపోయి టీవీలో చూసి ఏడ్చావు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదిక బట్టి రెండు పేజీల కేసు తయారు చేశారు. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగిపోయింది, ట్యాంకులో ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే ద్రవం అలాగే నిలవుండిపోయింది. స్టైరీన్‌ని చల్లగా ఉంచకపోతే, టీబీసీ అనే నిరోధకం తగినంత లేకపోతే, తనంతట తనే పాలిమర్‌గా మారుతూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి ఇంకా జోరుగా మారుతుంది. ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగున ఉంది, పైన కాగిపోతున్నా తెలియలేదు. సైరన్ మోగించలేదు. 12 మంది పోయారు. "అత్యవసర స్పందనలో లోపాలు గుర్తించండి, 10 మార్కులు" అన్నది మూడో ప్రశ్న.

దిద్దేటప్పుడు మధ్యమధ్యలో మేం ముగ్గురం ఒకే స్క్రిప్టుని, అంటే జవాబు పేపరుని, విడివిడిగా దిద్ది పోల్చుకుంటాం. పేర్లుండవు, నంబర్లే. ఆరోజు తీసిన స్క్రిప్టులో మూడో ప్రశ్నకి జవాబు లేదు, ఒక రాత్రి ఉంది. మూడు గంటలకి మెలకువొచ్చి కళ్ళు మండటం, వీధిలో ఆవులు పడిపోయి ఉండటం, కూతుర్ని భుజానేసుకుని ఎటు పరుగెత్తాలో తెలియక గ్యాస్ వచ్చేవైపే కొంతదూరం వెళ్ళడం, తడిగుడ్డ ముక్కుకి కట్టుకోమని ఎవరో అరవడం. ఆ కుర్రాడిది ఆ ఊరే. ముగ్గురం దిద్దాం. నేను 2 వేశాను, ఒక మేడం 4, ఇంకొకాయన ఏకంగా 9.

నేను గట్టిగానే వాదించాను. బాధకి మార్కులు వేస్తే మిగతా వాళ్ళ సంగతేంటి? కేసులో లేనివి రాశాడు, ఆవులు ఎక్కడున్నాయి కాగితంలో? తొమ్మిది వేసినాయన ఏమీ అనలేక టీ తాగుతున్నాడు. అప్పుడు ఆ మేడం కేసు కాగితం తీసి రెండో పేజీలో ఒక వాక్యం కింద గీత గీసింది: జనం రోడ్ల మీదకొచ్చి అక్కడే కుప్పకూలారని. "గ్యాస్ వచ్చేవైపు వెళ్ళకూడదని వీళ్ళకి ముందే ఎవరైనా చెప్పారా అండీ? మాక్ డ్రిల్ చేశారా? అతను రాసింది అదే కదా" అంది. మా స్కీమ్‌లో సైరన్ ఉంది, ఫైర్ టీమ్ ఉంది, కలెక్టర్ ఆఫీసుకి సమాచారం ఉంది. గోడ అవతలి ఊరికి ముందస్తు అవగాహన అన్న పాయింటే లేదు. స్కీమ్ తయారు చేసిన ముగ్గుర్లో నేనొకణ్ణి. పద్నాలుగు పాయింట్లు రాశాం, ఒక్కటీ గోడ దాటలేదు.

మా దిద్దుబాటు సరిచూసే మోడరేటర్‌ని అడిగాం. ఆయన రెండు పాయింట్లు స్కీమ్‌లో కొత్తగా చేర్చమన్నారు. కేసులో ఏ వాక్యం మీద నిలబడ్డాడో విద్యార్థి చెప్పకపోయినా, ఆ వాక్యం ఉంటే మార్కు ఇవ్వమన్నారు. ఆవులకి మాత్రం ఏమీ లేదు. స్కీమ్ మారితే అప్పటికి దిద్దినవన్నీ మళ్ళీ తెరవాలి, ఒక్కడి కోసం మార్చడానికి లేదు. రాత్రి తొమ్మిదిదాకా కూర్చున్నాం. ఇంకో ఇద్దరికి ఒక్కో మార్కు కలిసింది. అతనికి చివరికి 6 వచ్చాయి. ఆ 6 సరైనదేనా అంటే ఇప్పటికీ చెప్పలేను. నా 2 మాత్రం తప్పు.

నీకిది ఎందుకు చెప్తున్నానంటే, నువ్వు దానికి సరిగ్గా ఎదురుగుండా ఉన్నావు. అతను కథంతా రాసి పాయింటు చెప్పలేదు, నువ్వు పాయింట్లన్నీ రాసి కథ వదిలేశావు. నీ జవాబులో మేము ఏ వాక్యం కింద గీత గీసి నిన్ను కాపాడాలిరా?

ఫీజు కట్టి మళ్ళీ చూడమని అడగొచ్చు, ఆ దారి ఉంది. నా మాట వింటే ఆ డబ్బు మళ్ళీ పరీక్షకే పెట్టు. రెండో భాగం ఐజీ2, సైటులో ప్రమాదాలు గుర్తించి రాసే ఆ రిస్క్ అసెస్‌మెంట్, దానికి మార్కుల గొడవే లేదు, పాస్ లేదా రిఫర్, అంతే. పది ప్రమాదాలు కనీసం అయిదు రకాల్లోంచి రాయాలి. నీ సైటులో టీ కొట్టు దాకా నడిస్తే పది దొరుకుతాయి, దాని గురించి టెన్షన్ వద్దు.

నెబోష్ వాళ్ళ సైట్‌లో నమూనా పేపరు ఉంది. మూడో ప్రశ్న ఒక్కటే రాసి పంపు. రెండు పేజీలు దాటితే చదవను. నీ పేరు తీసేసి ఆ మేడంకీ, తొమ్మిది వేసినాయనకీ కూడా ఇస్తాను. ఆయన నీకు ఎన్ని వేసినా నమ్మకు.

చెల్లెమ్మకి, పిల్లలకి అడిగానని చెప్పు.

నీ
రమణ