నా ఇష్టాల్లోంచి ఒక ఆటను వెలికితీసిన మీ అందరికీ కృతజ్ఞతలు

నాకు ఇష్టమైన విషయాల ఆధారంగా ఒక సిమ్యులేషన్ గేము, అంటే నిజమైన పనిని కంప్యూటరులో అనుకరించే ఆట, తయారుచేయాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగినప్పుడు, తీరిక చేసుకుని సమాధానం రాసిన ప్రతి ఒక్కరికీ మనసారా కృతజ్ఞతలు తెలియజేసుకుంటున్నాను. విడివిడిగా ఇప్పటికే చాలామందికి రాశాను. అయినా ఎవరి మాటతో ఆలోచన ఎటు మళ్ళిందో అందరికీ తెలిసేలా ఒకచోట రాయడం నా బాధ్యత అనిపించింది. సాయం చేసినవారిలో చాలామందికి తాము రాసిన నాలుగు వాక్యాలు ఆ తర్వాత ఎంత పనిచేశాయో తెలిసే అవకాశం లేదు.

నేను ముందుంచిన జాబితా చిన్నది: తేనెటీగల పెంపకం, రైళ్ళ వేళల పట్టికలు, పాత భూపటాలు. ప్రోగ్రామింగు కొంత వచ్చు, బొమ్మలు వేయడం రాదు, తోడుగా పనిచేసేవారు లేరు అని కూడా చెప్పాను. మొదట వచ్చిన సూచనల్లో ఎక్కువ భాగం నా ఇష్టాన్ని తీసుకుని, దానికి కొనుగోళ్ళు, అమ్మకాలు, విస్తరణ జోడించినవి. తేనె అమ్మి పెట్టెలు కొనడం, ఆ పెట్టెలతో మరింత తేనె తీయడం అన్న పద్ధతి అది. వాటిని పంపినవారి ఉత్సాహానికి నేను రుణపడి ఉన్నాను. అయితే ఆ ఆటల్లో తేనెటీగ స్థానంలో మరే వస్తువును పెట్టినా ఏమీ మారదన్న సంగతిని వారే తర్వాతి చర్చలో ఒప్పుకుని, దాన్ని సరిదిద్దడానికి మళ్ళీ ఆలోచించారు. తమ సూచనను తామే పక్కన పెట్టగలిగిన ఆ పెద్దమనసుకు ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను.

ఆ దశలో ఒక ఉపాధ్యాయురాలు ఏ సూచనా చేయకుండా ఒకే ప్రశ్న అడిగారు: "మీరు ఈ పని చేసేటప్పుడు, చెయ్యి ముందుకు చాపి మళ్ళీ వెనక్కి తీసుకునే క్షణం ఏది?" ఇష్టం గురించి అడిగితే ఎవరైనా వస్తువుల పేర్లే చెబుతారని, తడబాటు గురించి అడిగితే నిర్ణయాలు బయటికి వస్తాయని, సిమ్యులేషన్ ఆట నిలబడేది నిర్ణయాల మీదేనని ఆవిడ వివరించారు. ఇందుకు ఆవిడ చూపిన ఉదాహరణ చాలా సరిగ్గా సరిపోయింది. ఆటల రూపకర్త విల్ రైట్ 1984లో విడుదలైన రెయిడ్ ఆన్ బంగెలింగ్ బే అనే హెలికాప్టర్ యుద్ధపు ఆటను తయారుచేస్తున్నప్పుడు, దీవుల మీద బాంబులు వేయడం కంటే, ఆ దీవులను నిర్మించడానికి తాను రాసుకున్న ఎడిటరు అనే ప్రోగ్రాముతో గడపడమే తనకు ఎక్కువ ఆనందంగా ఉందని గమనించారు. ఆ గమనింపు నుంచే 1989లో నగరాన్ని కట్టి నడిపే ఆట సిమ్‌సిటీ వచ్చింది. ఆయనకు ఇష్టమైనది హెలికాప్టరా, నగరమా అని అడిగి ఉంటే జవాబు దొరికేది కాదేమో గానీ, ఏ పని చేస్తుంటే సమయం తెలియడం లేదని అడిగితే జవాబు వెంటనే దొరుకుతుంది.

ఆవిడ ప్రశ్నకు నేను చాలాసేపు ఆలోచించి రాసిన జవాబు ఇది: తేనెపెట్టె మూత తీయాలా, వద్దా అన్న చోట నా చెయ్యి ఆగుతుంది. లోపల పిల్లలున్న పట్టును ఈగలు సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వద్ద కాపాడుకుంటూ ఉంటాయి. మూత తీస్తే ఆ వేడి పోతుంది, చల్లని రోజైతే పిల్లలకు హాని, ఈగల పని కొంతసేపు చెదిరిపోతుంది. తీయకపోతే రాణి గుడ్లు పెడుతోందో లేదో, తిండి నిల్వ ఎంత ఉందో, గుంపు విడిపోయే సూచనగా కొత్త రాణి గదులు కట్టుకుంటున్నాయో లేదో తెలియదు. తెలుసుకోవడానికే మూల్యం చెల్లించాలి. ఈ వాక్యం చదివిన వెంటనే ముగ్గురు నలుగురు "ఇదే మీ ఆట" అని రాశారు. మామూలుగా ఈ తరహా ఆటల్లో ఆటగాడు పైనుంచి అన్నింటినీ చూస్తుంటాడు, ప్రతి అంకె ఎదురుగా కనిపిస్తుంది. చూపునే పొదుపుగా వాడాల్సిన ఆట నా ఇష్టంలోంచే సహజంగా వస్తుందని నాకు తెలియజెప్పింది మీరే.

రెండో మేలు ఒక గణిత అధ్యాపకుడి వల్ల జరిగింది. తేనెటీగల గురించి నేను చెప్పిన వివరాలన్నీ విని, వాటిలో ఆటకు ఊపిరి పోసేది ఏదో ఆయన పట్టుకున్నారు. ఏపిస్ మెల్లిఫెరా అనే తేనెటీగ జాతిలో గుడ్డు నుంచి కూలి ఈగ బయటికి రావడానికి 21 రోజులు పడుతుంది. రాణికి 16, పోతుటీగకు (మగ ఈగకు) 24 రోజులు. బయటికి వచ్చిన కూలి ఈగ సుమారు మొదటి మూడు వారాలు పెట్టెలోనే గదులు శుభ్రం చేయడం, పిల్లలకు మేత పెట్టడం, మైనంతో పట్టు కట్టడం వంటి పనులు చేసి, ఆ తర్వాతే మకరందం, పుప్పొడి కోసం బయటికి వెళ్తుంది. పని ఎక్కువగా ఉండే కాలంలో దాని ఆయుష్షు దాదాపు ఆరు వారాలు మాత్రమే. అంటే ఈరోజు పెట్టిన గుడ్డు మేత తెచ్చే ఈగగా మారడానికి కూడా దాదాపు ఆరు వారాలు కావాలి. మూడు వారాలు నిలిచే పూత మొదలైన రోజున పెట్టిన గుడ్డు, ఆ పూత ముగిసేనాటికి పెట్టెలో నిల్వ తినే మరో నోరు మాత్రమే అవుతుంది. కాబట్టి ఆటగాడు పూతను చూసి మేల్కొంటే ఆలస్యమైనట్టే, పూత రాకముందే ఊహించి సిద్ధం కావాలి.

ఇంత వివరం ప్రోగ్రాములోకి ఎలా ఎక్కించాలో తెలియక నేను భయపడుతుంటే, ఆయన దాన్ని ఆరు గళ్ళ పట్టికగా మార్చి చూపించారు. ఆటలో ఒక వంతు (టర్న్) అంటే ఒక వారం. మొదటి మూడు గళ్ళు పిల్లదశకు, తర్వాతి మూడు పెట్టెలో పనిచేసే ఈగలకు. ప్రతి వారం అంకెలన్నీ ఒక గడి కుడివైపు జరుగుతాయి, చివరి గడి దాటినవి మేతకు వెళ్ళే గుంపులో చేరతాయి, ఆ గుంపులోంచి ప్రతి వారం కొంత భాగం రాలిపోతుంది. వయసుల వారీగా జనాభాను ఇలా ముందుకు జరిపే పద్ధతిని 1945లో పాట్రిక్ లెస్లీ మాత్రికల (అంకెల పట్టికల) రూపంలో ప్రతిపాదించారని, జంతు జనాభా శాస్త్రంలో అది ఇప్పటికీ వాడుకలో ఉందని ఆయన చెప్పారు. వివరం పెంచిన కొద్దీ ఆట నిజమవుతుందన్న అభిప్రాయం చాలామందిలో ఉంటుంది. దానికి సమాధానంగా ఆయన, గణిత శాస్త్రవేత్త జాన్ కాన్వే 1970లో రూపొందించిన గేమ్ ఆఫ్ లైఫ్‌ను గుర్తుచేశారు. అది గళ్ళ పలక మీద కొన్ని నియమాలతోనే నడిచేది. సజీవమైన గడికి చుట్టూ రెండో మూడో సజీవమైన గళ్ళుంటే అది బతుకుతుంది, ఖాళీ గడికి సరిగ్గా మూడుంటే కొత్తగా ప్రాణం వస్తుంది, మిగిలినవి ఖాళీగా ఉంటాయి. ఇంతలోనే ఎవరూ ఊహించని ఆకారాలు నడుచుకుంటూ వెళ్తాయి. ఆట తయారుచేసేవారికి గణితం ఇంత సౌమ్యంగా నేర్పేవారు దొరకడం అదృష్టం. నేను ఆ పట్టికను కాగితం మీద గీసి, గింజలు జరుపుతూ ఒక పూర్తి ఋతువు ఆడిన తర్వాతే కంప్యూటరు తెరిచాను.

కాగితం మీద ఆడి చూసినవారిలో ఒక పాఠశాల విద్యార్థి ఉన్నాడు. అందరూ ప్రతి వారం మూత తీసేస్తున్నారని, అందువల్ల నా ముఖ్యమైన నిర్ణయం నిర్ణయంగా మిగలడం లేదని ముందుగా గమనించింది అతనే. నేను మూత తీసినందుకు నష్టాన్ని పెంచుదామనుకున్నాను. అతను దానికి ఒప్పుకోలేదు. "శిక్ష పెంచితే భయపడతారు, ఆలోచించరు. మూత తీయకుండా ఏం తెలుసుకోవచ్చో అది ఇవ్వండి" అన్నాడు. తేనెటీగలు పెంచేవారు నిజంగా చేసేదీ అదే. ఈగలు కాళ్ళకు పుప్పొడి ముద్దలతో వస్తుంటే లోపల పిల్లలు పెరుగుతుండవచ్చు. గుమ్మం దగ్గర చనిపోయిన ఈగలు పోగుపడుతుంటే, ఎండ తగ్గినా గుంపుగా బయట వేలాడుతుంటే, రెక్కల చప్పుడులో తేడా వస్తే, ఒక్కోదానికి ఒకటి కంటే ఎక్కువ అర్థాలుంటాయి. ఇప్పుడు ఆటలో గుమ్మాన్ని ఎంతసేపు చూసినా ఖర్చు లేదు, కానీ అక్కడ కనిపించేది ఖచ్చితమైన సమాచారం కాదు. మూత తీస్తే నిజం తెలుస్తుంది, దానికి ఖర్చుంటుంది. ఆట మొత్తం ఈ రెండింటి మధ్య నడుస్తోంది. ఇంత చిన్న వయసులో ఇంత సూటిగా చూడగలిగిన ఆ అబ్బాయికి నా ఆశీస్సులు, కృతజ్ఞతలు.

అనుభవం ఉన్న ఒక తేనెటీగల పెంపకందారు గుంపు విడిపోవడం గురించి రాసిన ఉత్తరం లేకపోతే ఆటలో పెద్ద లోపం మిగిలిపోయేది. పాత రాణి కూలి ఈగల్లో పెద్ద భాగాన్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోవడాన్ని నేను ఓటమిగా రాసుకున్నాను. పెంచేవారికి అది నష్టమే గానీ, ఈగల వైపు నుంచి చూస్తే ఒక కుటుంబం రెండు కావడమే వాటి పునరుత్పత్తి అని ఆయన గుర్తుచేశారు. కొత్త చోటు వెతకడానికి వెళ్ళిన ఈగలు తిరిగి వచ్చి నాట్యం ద్వారా తమ తమ చోట్లను సూచిస్తాయి, క్రమంగా ఒక చోటు వైపు మొగ్గు పెరుగుతుంది. మేత దిక్కునూ దూరాన్నీ తెలిపే ఆ నాట్యభాషను విప్పి చెప్పినందుకు శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. నిట్టనిలువు గీతతో నాట్యం చేసే కోణం సూర్యుడికీ పూలకూ మధ్య ఉన్న కోణాన్ని చెబుతుంది, నాట్యం సాగే వ్యవధి దూరాన్ని చెబుతుంది. ఆ పెంపకందారు మాట విన్న తర్వాత గుంపు విడిపోయిన చోట ఆట ముగియకుండా, ఆటగాడు వెళ్ళిపోయిన గుంపును అనుసరించాలా, మిగిలిన పెట్టెను నిలబెట్టుకోవాలా అని ఎంచుకునేలా మార్చాను.

ఇష్టమైన వ్యాపకాన్ని ఆటగా మారిస్తే ఆ ఇష్టం పోతుందని హెచ్చరించిన ఇద్దరికి కూడా ధన్యవాదాలు చెప్పాలి. నేను వారితో ఏకీభవించను. నియమాలు రాయడానికి కూర్చున్నాకే నాకు తెలుసనుకున్న విషయాల్లో ఎన్ని నిజంగా తెలియవో బయటపడి, మళ్ళీ పెట్టెల దగ్గరికి వెళ్ళి చూడాల్సి వచ్చింది, చూసిన కొద్దీ ఆసక్తి పెరిగింది. అయితే వారి మాట వల్ల ఒక జాగ్రత్త తీసుకున్నాను: నా పెట్టెల అసలు లెక్కలను ఆటలోకి తీసుకురాలేదు.

మిగిలిన రెండు ఇష్టాల మీద వచ్చిన ఆలోచనలు వృథా కావడం నాకు ఇష్టం లేదు కాబట్టి వాటినీ ఇక్కడ రాస్తున్నాను. సిగ్నళ్ళ విభాగంలో పనిచేసి విరమణ పొందిన ఒక పెద్దాయన, ఒకే లైను ఉన్న మార్గంలో ఎదురెదురుగా వచ్చే రైళ్ళను ఏ స్టేషనులో దాటించాలన్నదే పూర్తి ఆట అని చెప్పారు. ఆలస్యమైన రైలు కోసం సమయానికి వచ్చిన రైలును ఆపాలా, ఆపితే ఆ ఆలస్యం ముందున్న ఎన్ని దాటింపులకు పాకుతుంది అన్న లెక్క ఆయన వేళ్ళ మీద ఉంది. ఆ ఆటను ఆయన, మరో యువతి కలిసి తయారుచేయడానికి సిద్ధమయ్యారు, వారికి నేను పట్టికలు పంపుతున్నాను.

భూపటాల ఆలోచన మాత్రం ఇంకా ఎవరూ చేపట్టలేదు. దాన్ని సూచించినవారు చెప్పినది ఇంత: ఆటగాడు ఒక సర్వేయరు, ఒక ఆధార రేఖను కొలిచి, అక్కడి నుంచి త్రిభుజం తర్వాత త్రిభుజంగా తెలియని నేల మీద ముందుకు వెళ్తాడు. చిన్న త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు రావాలి, రాకపోతే ఎంత తేడా ఉందో అంత పొరపాటు ఎక్కడో జరిగినట్టు. వాతావరణం మారేలోగా మళ్ళీ కొలవాలా, తేడాను మూడు కోణాలకూ పంచి ముందుకు సాగాలా అన్నది ప్రతి మజిలీలో ఎదురయ్యే ప్రశ్న. పంచుకుంటూ వెళ్ళిన పొరపాట్లు చివరి త్రిభుజం దగ్గర, తెలిసిన మరో రేఖతో పోల్చినప్పుడు బయటపడతాయి. దీన్ని ఎవరైనా స్వేచ్ఛగా తీసుకోవచ్చని సూచించినవారే అనుమతి ఇచ్చారు. నా దగ్గరున్న నోట్లన్నీ అడిగినవారికి పంపుతాను.

తేనెటీగల ఆట మొదటి రూపాన్ని పరీక్షిస్తామని ముందుకొచ్చినవారికి నియమాల పత్రం, ఆరు గళ్ళ పట్టిక ముందుగా చేరతాయి. గుంపు విడిపోయిన తర్వాతి భాగాన్ని దయచేసి ఎక్కువసేపు ఆడి చూడండి. కొత్త రాణి గదిలోంచి బయటికి వచ్చి, జతకట్టి, గుడ్లు పెట్టడం మొదలుపెట్టే వరకు పెట్టెలో పిల్లలు తగ్గిపోయే ఆ వ్యవధిని నేను ఎంత పెట్టాలన్న విషయంలో మీ అభిప్రాయాలు నాకు అన్నిటికంటే ఎక్కువ అవసరం.