బోట్ల తనిఖీలో ప్యానెల్ దీపాలనూ చూడండి

సంపాదకుల వారికి,

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా, 61 రోజులు సాగుతుంది. చెక్క మార్చడం, రంగు వేయడం, ఇంజను విప్పడం అన్నీ ఆ రెండు నెలల్లోనే. మత్స్యశాఖ సిబ్బంది జెట్టీకి వచ్చి బోట్ల నంబర్లు, కాగితాలు చూసేదీ అప్పుడే. ఇంత హడావిడిలోనూ బోటు నడిపే గది అయిన వీల్‌హౌస్‌లోని స్విచ్చుల ప్యానెల్‌ను ఎవరూ పట్టించుకోరు. స్విచ్చు వేసి ఉందని చూపే చిన్న సూచిక బల్బు మాడిపోయినా అలాగే మళ్లీ వేటకు వెళ్లిపోతోంది. ఈ పద్ధతి మారాలని ఈ లేఖ.

అలంకారానికి పెట్టిన బల్బు కాదది. బోటు అడుగున చేరే నీటిని బయటికి తోడే బిల్జి పంపు సంగతే చూడండి. ఆటోలో పెట్టిన పంపు, అడుగున నీరు చేరగానే నీటిపై తేలే ఫ్లోట్ స్విచ్చు పైకి లేచి దానంతట అదే తిరుగుతుంది. ఇంజను హోరులో ఆ చప్పుడు వీల్‌హౌస్‌లోకి వినిపించదు. గంటకోసారి వెలిగే దీపం పది నిమిషాలకోసారి వెలుగుతోందంటే ఎక్కడో నీరు లోపలికి వస్తోందని బోటు నడిపే సరంగుకు తెలుస్తుంది. బల్బు పోతే ఆ హెచ్చరికా పోతుంది. బ్యాటరీ దిగిపోయి పంపు ఆగాకే విషయం బయటపడుతుంది. ఇంకో తప్పు కూడా కనిపిస్తుంటుంది. సూచిక వైరును పంపుకు వెళ్లే వైరుకు కాకుండా ఆటో లైనుకు, అంటే ఫ్లోట్ స్విచ్చుకు కరెంటు తెచ్చే వైరుకు, కలిపేస్తారు. అప్పుడు పంపు తిరిగినా తిరగకపోయినా దీపం వెలుగుతూనే ఉంటుంది. ఆ దీపం ఉన్నా లేనట్టే.

రాత్రి దీపాల సంగతి ఇంకా సున్నితం. సముద్రంలో ఓడలు ఢీకొనకుండా చేసిన 1972 నాటి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ, వెనుక తెలుపు వెలగాలి. ట్రాల్ వల లాగుతున్న బోటుకు వీటితోపాటు పైన ఆకుపచ్చ, దాని కింద తెలుపు ఉండాలి. 12 మీటర్ల పొడవు దాటిన బోటు పక్క దీపాలు 2 నాటికల్ మైళ్ల దూరానికి కనిపించాలి. విశాఖలాంటి చోట పెద్ద ఓడలు వచ్చిపోయే దారికి దగ్గరలోనే మన బోట్లు తిరుగుతాయి కాబట్టి ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఇక్కడ సరంగులు, యజమానులు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. స్విచ్చులోని దీపం వెలిగిందంటే స్విచ్చు దాకా కరెంటు వచ్చిందని మాత్రమే అర్థం. స్తంభం మీద దీపం వెలుగుతోందని కాదు. వైరు పొడవునా తుప్పు పట్టి 12 వోల్టుల బల్బుకు 10 వోల్టులే అందితే దాని వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది. ప్యానెల్ దీపం మాత్రం నిండుగానే వెలుగుతుంది. అందుకే స్విచ్చు వేశాక ఒక కలాసీ బయటికి వెళ్లి ప్రతి దీపాన్నీ కళ్లారా చూడాలి. లేదంటే కరెంటు కొలవాలి. 24 వోల్టుల మీద 25 వాట్ల బల్బు సుమారు 1 ఆంపియర్ తీసుకుంటుంది. ఒకే స్విచ్చు మీద అలాంటివి మూడుంటే మీటరు 3 చూపాలి. 2 చూపితే ఒక దీపం ఆరిపోయినట్టే. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు డీసీ కొలిచేదై ఉండాలి. ఏసీకి మాత్రమే పనికొచ్చే మీటరు పెడితే సున్నా చూపిస్తుంది.

ఇక బల్బు మార్చడం. ముందు అది నిజంగా బల్బు తప్పేనా అని తేల్చుకోవాలి. ప్యానెల్ మరలు విప్పి, వైర్లు ఎక్కడివక్కడ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. స్విచ్చు ఆన్ చేసి బల్బు రెండు కొసల మధ్య వోల్టేజి చూడండి. 12 లేదా 24 వస్తూ కూడా వెలగలేదంటే బల్బు మాడింది, లేదా హోల్డరు చిలుము పట్టింది. ఏమీ రాకపోతే బల్బుకు వచ్చే పాజిటివ్ గానీ నెగటివ్ వైరు గానీ తెగి ఉంటుంది. చాలా ప్యానెళ్లలో ఈ నెగటివ్ ఒక స్విచ్చు నుంచి పక్క స్విచ్చుకు గొలుసులా వెళ్తుంది. మధ్యలో ఒక లగ్ (వైరు కొసన బిగించే లోహపు ముక్క) ఊడితే అక్కడి నుంచి చివరిదాకా సూచికలన్నీ ఒక్కసారే ఆరిపోతాయి. అలాంటప్పుడు అరడజను బల్బులు కొని తేవడం వృథా. ఒక స్విచ్చు వేస్తే, వేయని పక్క స్విచ్చులో కూడా దీపం మసకగా వెలిగిందా? అదీ ఈ లక్షణమే. నెగటివ్ దొరకని కరెంటు పక్క సూచిక గుండా, ఆ స్విచ్చు నడిపే దీపం లేదా పంపు గుండా దారి వెతుక్కుంటోందన్నమాట.

బల్బు తీసే ముందు బ్యాటరీ మెయిన్ స్విచ్చు ఆపాలి. చార్జరు ఉంటే అదీ ఆపాలి. స్క్రూడ్రైవర్ జారి పాజిటివ్ పట్టీకీ ఇనుప గోడకీ తగిలితే చేయి కాలుతుంది. రాకర్ స్విచ్చుల్లో కొన్నింటి పైమూతను సన్నని బ్లేడుతో పక్క నుంచి లేపితే వస్తుంది. బల్బు దాని కిందే ఉంటుంది. కొన్నింటిలో బల్బును లోపలే పోతపోసి ఉంచుతారు. వాటికి స్విచ్చు మొత్తం మార్చడమే దారి. విడిగా పైలట్ ల్యాంపు ఉన్న పాత ప్యానెళ్లలో బీఏ9ఎస్ అనే 9 మిల్లీమీటర్ల పిన్ను బల్బు ఎక్కువ. నొక్కి, ఎడమకు తిప్పితే ఊడుతుంది.

కొత్త బల్బుకు వోల్టేజి, వాటేజి, మూతి (హోల్డరులో కూర్చునే భాగం) మూడూ సరిపోవాలి. 24 వోల్టుల బోటులో 12 వోల్టుల బల్బు పెడితే వెంటనే మాడిపోతుంది. 12లో 24ది పెడితే మిణుకుమిణుకుమంటుంది. 1.2 వాట్ల గాజు మూతి బల్బు ఉండాల్సిన చోట 5 వాట్లది ఇరికించడం అన్నిటికంటే చెడ్డ పని. ఆ వేడికి ప్లాస్టిక్ మూత కరిగిపోతుంది. చిలుమును కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి, ఆరాకే బల్బు పెట్టాలి. లగ్‌ను వైరుకు గట్టిగా నొక్కి క్రింప్ చేసి, పైన వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం వేయాలి. బిగించాక పలచగా వాజలైన్ రాస్తే ఉప్పుగాలి చేరదు.

అదురుకు ఫిలమెంటు తెగుతోందని ఎల్‌ఈడీ వేసేవాళ్లున్నారు. మంచి ఆలోచనే. కానీ లెక్క ఉండాలి. చార్జింగ్‌లో 24 వోల్టుల బోటు 28.8 దాకా వెళ్తుంది. 2 వోల్టుల ఎర్ర ఎల్‌ఈడీకి 10 మిల్లీ ఆంపియర్లు చాలు. అందుకు 2.7 కిలో ఓమ్‌ల రెసిస్టరు, అర వాటుది పెట్టాలి. 12 వోల్టులకైతే 1.2 కిలో ఓమ్‌లు, పావు వాటు సరిపోతుంది. ప్లస్, మైనస్ తారుమారైతే వెలగదు. మరో చిక్కు, ఉప్పు తేమ గుండా కారే కొద్ది కరెంటుకే ఎల్‌ఈడీ మసకగా వెలగొచ్చు. స్విచ్చు ఆపినా వెలుగు కనిపిస్తే ఎల్‌ఈడీని తప్పుపట్టకుండా ప్యానెల్ వెనక శుభ్రం చేయాలి.

హార్బర్‌లో విడిభాగాలు దొరక్క జరిగే తప్పులు రెండున్నాయి. ఒకటి, ఇళ్లలో వాడే 230 వోల్టుల సూచిక స్విచ్చును బోటులో బిగించడం. అందులోని నియాన్ దీపం వెలగాలంటే అరవై వోల్టులకు పైనే కావాలి. 24 మీద అది ఏనాటికీ వెలగదు. పైగా స్విచ్చు మీద ఏసీ రేటింగు రాసి ఉంటే డీసీకి అంతే మోస్తుందని కాదు. డీసీలో నిప్పురవ్వ ఆలస్యంగా ఆరుతుంది, కాంటాక్టులు కాలిపోతాయి. రెండోది, స్విచ్చు తీసేసి వైర్లను నేరుగా కలిపి ‘డైరెక్ట్’ చేయడం. ఫ్యూజు కూడా లేకుండా చేసిన డైరెక్ట్ వైరు చెక్క బోటులో నిప్పుతో చెలగాటమే.

మత్స్యశాఖకు విన్నపం ఇదే. ఎలాగూ బోటు ఎక్కే సిబ్బంది వెంట ఒక ఎలక్ట్రీషియన్ ఉండాలి. ప్రతి దీపం స్విచ్చూ వేసి బయట వెలుగుతోందో లేదో చూడాలి. దీపాల దగ్గర అందుతున్న వోల్టేజిని రాయాలి. బిల్జి ఫ్లోట్‌ను చేత్తో ఎత్తి, ప్యానెల్ దీపం పంపుతోపాటే వెలిగి ఆరుతోందో లేదో చూడాలి. బోటుకు ఇరవై నిమిషాలు చాలు. తప్పు దొరికితే జరిమానా వేయకుండా, జూన్ 14లోగా సరిచేసుకోమని చీటీ రాసివ్వాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం హార్బర్లలో సహకార సంఘాల దుకాణాలు 12, 24 వోల్టుల సూచిక బల్బులు, డీసీ స్విచ్చులు, తగరం పూత ఉన్న రాగి వైరు, ఫ్యూజులు ఉంచేలా చూడాలి. బల్బు కోసం ఒక పూట ఊళ్లో తిరగాల్సి వస్తున్నంత కాలం డైరెక్ట్ పనులు ఆగవు.

ఇట్లు,
బోటు ఎలక్ట్రికల్ పనివాడు,
ఫిషింగ్ హార్బర్, విశాఖపట్నం