పెట్టెతో పాటు వచ్చే కవరు: గల్ఫ్ మృతుల కుటుంబాల గురించి మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ ప్రభుత్వంలో ప్రవాసుల వ్యవహారాలు చూసే మంత్రి గారికి,

నమస్కారం.

గల్ఫ్‌లో మనిషి చనిపోయాడన్న కబురు మన ఊళ్లకు సర్కారు దారిలో రాదు. అక్కడ ఒకే గదిలో ఉండేవాడి ఫోను నుంచి వాట్సాప్‌లో వస్తుంది. అదీ భార్యకు కాదు, తమ్ముడికో బావమరిదికో. ఆ నిమిషం నుంచి పని మొత్తం వాడకట్టు మీద, కుల సంఘం మీద, యువజన సంఘం మీద, గల్ఫ్ కార్మిక సంఘాల వాలంటీర్ల మీద పడుతుంది. వాళ్లు చేస్తారు కూడా. మొదటి పదిహేను రోజుల్లో వాళ్లు చేసినంత పని ఏ ఆఫీసూ చేయలేదు, చేయాలని మేము అడగటమూ లేదు. మృతుల కుటుంబాలకు ప్రభుత్వమిచ్చే ఎక్స్‌గ్రేషియా పెంచమని కూడా అడగటం లేదు. ఇప్పటికే ఇస్తామన్న డబ్బు ఇంటిదాకా రాకుండా ఎక్కడ ఆగుతోందో చెప్పడానికే ఈ లేఖ. అది ఆగేది కాగితం దగ్గర.

ముందుగా ఊరు ఏం చేస్తుందో చెప్పనివ్వండి, ఎందుకంటే మీ శాఖ సాయం దాని పక్కనే నిలబడాలి గానీ దాని బదులు కాదు.

చావింట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు, చుట్టుపక్కల వాళ్లే అన్నం తెస్తారు. పొద్దున పోతే సాయంత్రానికి దహనం అయ్యే చావుల కోసం పుట్టిన ఆచారం ఇది. సౌదీ నుంచి శవమున్న పెట్టె రావడానికి వారం పట్టొచ్చు, నెల దాటొచ్చు. శవం రాకుండా దినాలు పెట్టలేరు. దినాలు కాకుండా ఆ ఇల్లు మామూలు కాదు. చనిపోయినవాడి భార్య బొట్టు ఉంచుకోవాలో తీయాలో తెలియక, ఎవరినీ అడగలేక కూర్చుంటుంది. కబురొచ్చిన మొదటి రెండు రోజులు పది ఇళ్ల నుంచి గిన్నెలు వస్తాయి, సగం పారబోస్తారు. ఐదో రోజు ఒక్క గిన్నె రాదు. అందుకే అనుభవమున్న ఊళ్లలో పొదుపు సంఘం ఆడవాళ్లు మొదటి రోజే వంతులు వేసుకుంటారు, పూటకు ఒక్క ఇల్లు చొప్పున. ఇంటివాళ్లు, వచ్చిపోయే చుట్టాలు కలిపి పదిహేను మందైతే, మనిషికి పూటకు 125 గ్రాముల బియ్యం లెక్కన రోజుకు నాలుగు కిలోల దాకా పోతాయి. 25 కిలోల బస్తా వారం తిరిగేలోపే ఖాళీ. పదో తరగతి బ్యాచ్ మిత్రులు తెచ్చే బియ్యం బస్తా ఫొటో కోసమేనని వెక్కిరించేవాళ్లున్నారు. నిరీక్షణ నెల సాగినప్పుడు ఆ బస్తా విలువేమిటో ఆ ఇంటివాళ్లకే తెలుసు.

చందాల దగ్గర మాత్రం పొరపాట్లు ఎక్కువ. డబ్బు ఎవరో ఒక కుర్రాడి ఫోన్‌పేకు వస్తుంది. లెక్క ఒక నోటుబుక్కులో, ఖర్చు ఇంకొకరి జేబులో. దినాల నాటికి వంద గొడవలు. మంచి పద్ధతి ఒకటే: కబురొచ్చిన రోజే ముగ్గురిని పెట్టుకోవాలి. ఒకరు రాసేవారు, ఒకరు డబ్బు పట్టేవారు, మూడోవారు ఆ ఇంటి ఇల్లాలి తరఫు మనిషి. పదకొండో రోజు లెక్క చదివి వినిపించి, మిగిలిన మొత్తాన్ని పిల్లల పేరిట వేసెయ్యాలి. పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే పోస్టాఫీసులో సుకన్య ఖాతా 250 రూపాయలతో తెరవచ్చు, ఏడాదికి లక్షన్నర దాకా వేయొచ్చు. చేతికి నగదు ఇస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు: నూటికి మూడు రూపాయల వడ్డీకి వీసా డబ్బులిచ్చినవాడు అప్పటికే అరుగు మీద కూర్చుని ఉంటాడు. చనిపోయినవాడి అప్పుకు వారసులు బాధ్యులయ్యేది అతని నుంచి వాళ్లకు వచ్చిన ఆస్తి మేరకే. ఊరు చందా వేసి పిల్లలకిచ్చిన డబ్బు అతని ఆస్తి కాదు. ఈ మాట పెద్దమనుషుల్లో ఒక్కరు గట్టిగా అంటే చాలు, అప్పులవాళ్లు వెనక్కి తగ్గుతారు. పదకొండో రోజున భార్య చేత కొత్త ప్రాంసరీ నోటు రాయించుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది అడ్డుకోవాలి. ఆ సంతకంతో అప్పు ఆమె సొంతమైపోతుంది.

ఇక కాగితాలు.

పెట్టె అక్కడ కదలాలంటే కుటుంబం నుంచి సమ్మతి పత్రం పోవాలి. సౌదీకి ఇది చాలా ముఖ్యం. శవాన్ని ఇంటికి పంపాలా, అక్కడే ఖననం చేయాలా, ఎవరికి అప్పగించాలి, రావలసిన జీతం బకాయిలు ఎవరు తీసుకోవాలి అన్నవన్నీ అందులో ఉండాలి. ఊళ్లో తొందరలో రాసేవాళ్లు శవాన్ని పంపమని మాత్రమే రాసి, బకాయిల మాట మర్చిపోతారు. లేదా అంతకంటే ఘోరంగా, కంపెనీ మనిషి వాట్సాప్‌లో పంపిన అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టి పంపుతారు. బకాయిలన్నీ ముట్టాయని అందులో ఉంటే ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. తెలుగు, ఇంగ్లిష్, అరబ్బీ మూడు భాషల్లో ఒకే నమూనా సమ్మతి పత్రం ప్రతి కలెక్టరేట్‌లో, ప్రతి మండల కేంద్రంలో ఉంటే ఈ ఒక్క తప్పు ఆగిపోతుంది. ఖల్లివెల్లి అయినవాళ్ల, అంటే యజమానిని వదిలి కాగితాలు లేకుండా పనిచేసేవాళ్ల విషయంలో కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఖర్చు పెట్టడు. అప్పుడు రాయబార కార్యాలయం దగ్గరుండే భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి రవాణా ఖర్చు అడగవచ్చు. దానికి కుటుంబం పేదరికం చూపే కాగితం, విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో దరఖాస్తు కావాలి. 2009 నుంచి ఉన్న నిధి ఇది. అయినా ఊళ్లో చందాలు వేసి విమానం ఖర్చు పంపుతూనే ఉన్నారు, అడగాలని తెలియక.

పేర్ల సంగతి మరీ చిరాకు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి గంగారాం అని మాత్రమే ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరుతో గంగారాం. పట్టాదారు పుస్తకంలో గంగరాం, తండ్రి రాజన్న. భార్య ఆధార్‌లో భర్త పేరు ఇంకో తీరు. ఊరందరికీ ఒకే మనిషి, ఆఫీసుకు నలుగురు. నోటరీ అఫిడవిట్ ఒకటి, ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ల వాంగ్మూలం ఒకటి మొదటి వారంలోనే తయారు చేసి, పాస్‌పోర్టు నంబరు వేసి పెట్టుకుంటే తర్వాత పది చోట్ల పనికొస్తుంది. తర్వాత చేయించవచ్చు కదా అంటే, తర్వాత సాక్షులుగా వచ్చేవాళ్లు దొరకరు. శవం ఇంట్లో ఉన్నప్పుడు ఊరంతా సాక్షే.

శంషాబాద్ కార్గో దగ్గర జరిగేది కాస్త దగ్గరగా చూడండి. పెట్టెతో పాటు కాగితాల కవరు ఒకటి వస్తుంది. అందులో అక్కడి మరణ ధ్రువపత్రం, శవం చెడకుండా మందు ఎక్కించినట్టు ఎంబామింగ్ సర్టిఫికెట్, రాయబార కార్యాలయం ఇచ్చిన నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు ఉంటాయి. పెట్టె తీసుకునే మనిషి పేరు, ఎయిర్‌వే బిల్లు (విమాన సరుకు రసీదు) మీది పేరు ఒకటే కావాలి, గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి. మీ శాఖ పంపే ఉచిత అంబులెన్స్ మంచి పని. విమానం నంబరు, ఎయిర్‌వే బిల్లు నంబరు ముందుగా ఇస్తే బండి వస్తోంది. అయితే జగిత్యాల దాకా నాలుగైదు గంటల ప్రయాణంలో ఆ కవరు ఎవరి చేతిలో ఉందో ఎవరూ చూడరు. ఇంటి ముందు పెట్టె దించగానే జనం మీద పడతారు, స్క్రూడ్రైవరు కోసం ఒకడు పరుగెత్తుతాడు, కవరు పందిరి కిందో బండి సీటు మీదో ఉండిపోతుంది. వారం తర్వాత వెతికితే డ్రైవరు దగ్గర ఉందంటారు, లేదా చితి దగ్గర పోయిందంటారు. కుటుంబానికి రావలసిన ప్రతి రూపాయికీ తాళం చెవి ఆ కవరు. మేము వాలంటీర్లకు చెప్పేది ఇదే: పెట్టె దగ్గర నలుగురు, కవరు దగ్గర ఒక్కడు. ఆ ఒక్కడు శవం దగ్గరికే రాకూడదు. కార్గో ఆఫీసు బయటే ప్రతి కాగితం ఫొటో తీసి, ఊరు చేరేలోపు దారిలో పది జిరాక్సులు చేయించాలి. కార్గో దగ్గర మీ శాఖ మనిషి ఒకరు స్కానరుతో ఉండి, ఆ కవరును అక్కడికక్కడే కలెక్టరేట్‌కు పంపేస్తే, మా ఒక్కడు కూడా శవం మోయవచ్చు.

పెట్టె తెరిచాక భార్యను, పిల్లలను పిలిచేముందు ఇద్దరు పెద్దవాళ్లు ముఖం చూసి గుర్తుపట్టాలి. పేటికలు తారుమారైన సందర్భాలున్నాయి. చావు మీద అనుమానముంటే దహనానికి ముందే స్థానిక ఎస్సైకి అర్జీ ఇచ్చి పోస్టుమార్టం అడగాలి. కాలాక అడిగేదేమీ లేదు. దీని వెనుక డబ్బు సంగతి కూడా ఉంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద వచ్చే పది లక్షలు ప్రమాద మరణానికే. అక్కడి కాగితంలో గుండె ఆగి పోయాడని ఉంటే ఆ బీమా రాదు. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి విదేశం పోవడానికి ప్రభుత్వ అనుమతి, తీసుకునే సమయంలోనే ఆ పాలసీ కట్టి ఉంటుంది. కంపెనీ మారినా చెల్లుతుంది. చాలామందికి అది ఉందనే తెలియదు, కాగితం ఏజెంటు ఫైల్లో ఉంటుంది. విజిట్ వీసా మీద పోయినవాడికి క్లియరెన్సూ లేదు, బీమా లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. దినాలయ్యాక కుటుంబం పంచాయతీ కార్యదర్శి దగ్గరికి మరణ ధ్రువపత్రానికి పోతుంది. చావు మా ఊళ్లో జరగలేదు, మేము ఇవ్వలేం అంటాడు. అతనిది తప్పు కాదు. బ్యాంకుకు పోతే అరబ్బీ కాగితం చెల్లదంటారు. విదేశాల్లో చనిపోయిన భారతీయుల మరణాన్ని అక్కడి మన రాయబార కార్యాలయంలో నమోదు చేసి ఇంగ్లిష్‌లో ధ్రువపత్రం ఇస్తారు. 1969 జనన మరణ నమోదు చట్టంలోనే 20వ సెక్షన్ దీని గురించి ఉంది. శవాన్ని పంపేందుకు నిరభ్యంతర పత్రం తీసుకునే రోజే, అదే కిటికీ దగ్గర దీన్నీ అడిగితే పనవుతుంది. శవం వచ్చేశాక ఇక్కడి నుంచి తెప్పించుకోవాలంటే నెలలు. కాబట్టి రెండు పనులు మీవి: అక్కడ పనిచేసే సంఘాలన్నింటికీ ఈ మాట చేర్చండి, ఇక్కడ ఎంపీడీవోలకు, తహసీల్దార్లకు, బ్యాంకులకు ఆ ధ్రువపత్రం చెల్లుతుందని ఒక పేజీ సర్క్యులర్ పంపండి. ఈ ఒక్క కాగితం లేకనే 2,016 రూపాయల వితంతు పింఛను, 20,000 రూపాయల జాతీయ కుటుంబ ప్రయోజన పథకం, మీ సేవలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం మూడూ ఒకదాని వెనక ఒకటి నిలిచిపోతాయి.

అలా నిలిచిపోయేవాటిలో మీ ప్రభుత్వమే 2024 సెప్టెంబరులో జీవో ఇచ్చిన ఐదు లక్షల ఎక్స్‌గ్రేషియా కూడా ఉంది. ఆరు నెలల్లోగా కలెక్టరుకు దరఖాస్తు చేయాలన్నారు. సరే. కానీ ఆ ఆరు నెలల్లో సగం కాగితాల వెంటే పోతే? ఉన్న కాగితాలతో దరఖాస్తు తీసుకుని రసీదు ఇవ్వండి, మిగతావి తర్వాత జత చేయనివ్వండి. గడువు దాటిందని వెనక్కి పంపేముందు అర్జీ మొదట ఏ తేదీన కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో పడిందో చూడమనండి.

బకాయిల విషయం ఇంకా మిగిలే ఉంది. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం చొప్పున సర్వీసు ముగింపు డబ్బు లెక్క కడతారు. పదేళ్లు పనిచేసినవాడి ఇంటికి ఇది ఊరి చందా కంటే పెద్ద మొత్తం. దీనికి వారసుల పత్రం, పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. జగిత్యాల నోటరీ ముద్రతో పంపితే తిరిగొస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆ తర్వాత హైదరాబాద్‌లోని విదేశాంగ శాఖ ముద్ర పడాలి. సౌదీ 2022 డిసెంబరు నుంచి అపోస్టిల్ ఒప్పందంలో, అంటే ఒక దేశం ముద్రను మిగతా సభ్య దేశాలు ఒప్పుకునే ఒప్పందంలో, ఉంది కాబట్టి దానికి అపోస్టిల్ చాలు. ప్రభుత్వ రుసుము కాగితానికి 50 రూపాయలే. దళారీ ఎంత తీసుకుంటాడో మీకు మేము చెప్పనక్కర్లేదు. జిల్లాకు ఒక్క రోజు, నెలకొకసారి, ఈ కాగితాలన్నీ కలెక్టరేట్‌లోనే తీసుకుని మీ శాఖే హైదరాబాద్‌లో ముద్ర వేయించి పంపితే ఆ ప్రయాణాలు తప్పుతాయి.

చివరగా రైతు బీమా. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఐదు లక్షలు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లలో గుంటో ఎకరమో పట్టా ఉన్నవాళ్లు ఎందరో. నమోదు పత్రం మీద, నామినీ పేరు మీద రైతు స్వయంగా సంతకం పెట్టాలి కాబట్టి దేశంలో లేనివాడు బయటే ఉండిపోతాడు. సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు సంతకం తీసుకోవాలని వ్యవసాయ విస్తరణ అధికారులకు (ఏఈవోలకు) చెప్పడానికి, లేదా వీడియో కాల్‌లో ధ్రువీకరించి తీసుకోవడానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు. పాలసీ ఏడాది ఆగస్టు 14న మొదలవుతుంది. అంతకుముందే ఆ ఉత్తర్వు వస్తే ఈ ఏడాదికే పనికొస్తుంది.

ఇట్లు,
జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల్లో గల్ఫ్ మృతుల కుటుంబాలతో పనిచేసే గ్రామ వాలంటీర్లు